ట్రాన్స్‌ఫార్మర్ల ఫ్యాక్టరీలో ఏడాది అప్రెంటిస్‌షిప్: చేరేముందు ఏం అడగాలి, చేరాక ఏం వస్తుంది

ఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్) పూర్తిచేసి, జావా నేర్చుకుని సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లడం ఇష్టంలేక, చదివిన బ్రాంచిలోనే కోర్ ఉద్యోగం ఎక్కడ దొరుకుతుందో తెలియక ఇంట్లో ఆగిపోయినవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. వాళ్లకోసం ఇది రాస్తున్నాను. నేను 2024లో బీటెక్ పాసయ్యాక డిగ్రీ, డిప్లొమా వాళ్లు స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకునే కేంద్ర పథకం నాట్స్ కింద పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో ఏడాదిపాటు గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా చేశాను. ఊళ్లలో స్తంభాల మీద, దిమ్మెల మీద కనిపించే డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్లు అక్కడ తయారవుతాయి. బాగున్నవీ బాగోలేనివీ రెండూ చెప్పాలి కాబట్టి ఫ్యాక్టరీ పేరు రాయడం లేదు. నా మాట ముందే చెప్పేస్తాను. డబ్బు కోసమైతే ఈ ఏడాది వద్దు. పని కోసమైతే, మిమ్మల్ని షాప్ ఫ్లోర్ మీద, అంటే తయారీ జరిగే చోట నిలబెట్టే చోటు దొరికితే, వెనకాడకుండా చేరండి.

అప్రెంటిస్ అనగానే కోదాడలో మా ఇంట్లో అందరూ అది ఐటీఐ పిల్లలకే అనుకున్నారు. మా బాబాయి అయితే "బీటెక్ చదివి అప్రెంటిస్ ఏందమ్మా?" అని నేరుగానే అడిగాడు. అప్రెంటిస్ చట్టం 1961లో వచ్చింది. 1973 సవరణతో ఇంజినీరింగ్ డిగ్రీ, డిప్లొమా వాళ్లు అందులోకి వచ్చారు. 2014 సవరణ తర్వాత బీఏ, బీకాం, బీఎస్సీ చదివినవాళ్లకీ దారి తెరిచారు. ఐటీఐ ట్రేడుల వాళ్లకి న్యాప్స్ అని వేరే పథకం, వేరే పోర్టల్. డిగ్రీ, డిప్లొమా వాళ్లకి నాట్స్. ఇది కేంద్ర విద్యాశాఖ కింద నడుస్తుంది, మన రెండు రాష్ట్రాల వ్యవహారం చెన్నైలోని అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డు చూస్తుంది. చాలామంది మొదటి అడుగులోనే న్యాప్స్ పోర్టల్‌కి వెళ్లి, అక్కడ తమ డిగ్రీకి తగినది కనిపించక వదిలేస్తారు.

30 మంది, అంతకు మించి ఉన్న ప్రతి సంస్థా తన సిబ్బందిలో 2.5 శాతం నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలని చట్టం చెబుతోంది. కాబట్టి మీరు అడుగుతున్నది దయ కాదు. నచ్చిన కంపెనీ పోర్టల్లో ఖాళీలు చూపించకపోయినా హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి. నాకు సీటు అలాగే వచ్చింది. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు, పాశమైలారం వైపు ఎలక్ట్రికల్ సామాన్లు తయారుచేసే చిన్నా పెద్దా కంపెనీల పేర్లు రాసుకుని ఒక్కొక్కరికీ విడిగా రాశాను. చాలామంది బదులివ్వలేదు. ఇచ్చిన కొద్దిమందిలో ఒకరు రమ్మన్నారు.

డబ్బు సంగతి. నా ఏడాదిలో గ్రాడ్యుయేట్‌కి కనీస స్టైపెండ్ నెలకి 9,000, డిప్లొమా వాళ్లకి 8,000 ఉండేది. ఇప్పటి రేటు పోర్టల్లో చూసుకోండి. ఇందులో సగం కేంద్రం భరిస్తుంది. అంటే నాకు 4,500 నేరుగా ఆధార్‌తో లింకైన బ్యాంకు ఖాతాలో పడేది, మిగతాది కంపెనీ ఇచ్చేది. కంపెనీ ఇష్టపడితే కనీసం కంటే ఎక్కువ ఇవ్వొచ్చు. మా వాళ్లు ఇవ్వలేదు. పైగా కంపెనీ వాటా నెల తిరిగిన వెంటనే వచ్చిన సందర్భాలు తక్కువ, అకౌంట్స్ గది ముందు నిలబడి అడిగితేగానీ కదిలేది కాదు. బీరంగూడలో హాస్టల్‌కే స్టైపెండ్‌లో సగానికి పైగా పోయేది. నన్ను నిలబెట్టింది మహాలక్ష్మి బస్సు. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణ ఆడవాళ్లకి ఆర్టీసీలో ఉచితం కాబట్టి, ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుని పటాన్‌చెరు దాకా వెళ్లేదాన్ని, అక్కడి నుంచి షేర్ ఆటో. ఆ బస్సు లేకపోతే ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోవాల్సి వచ్చేది. ఇంట్లో నెలకి కొంత పంపాల్సిన బాధ్యత మీ మీద ఉంటే ఈ లెక్క కచ్చితంగా ముందే వేసుకోండి.

మొదట నన్ను స్టోర్స్‌లో వేశారు. వచ్చిన సరుకుకి ఎంట్రీలు, ఇన్వాయిస్‌లు, ఎక్సెల్ షీట్లు. కొత్తవాళ్లకి సామాన్ల పేర్లు తెలియాలంటే స్టోర్స్ మంచిదే, కొన్ని రోజులైతే. బుషింగులు, గాస్కెట్లు, కన్జర్వేటర్, బ్రీదర్‌లో పోసే సిలికా జెల్, ఇలా ట్రాన్స్‌ఫార్మర్ విడిభాగాలన్నీ చేతిలోకి తీసుకుని చూశాను. కానీ వారాలు గడిచినా కదిలించడం లేదు. స్టోర్స్‌లో మనిషి తక్కువ, నేను ఆ ఖాళీ పూడుస్తున్నాను, అంతే. నాకు ముందు ఏడాది చేసిన అబ్బాయి మొత్తం కాలం డిస్పాచ్ కాగితాల దగ్గరే గడిపాడని సూపర్‌వైజర్ ఒకాయన చెప్పాక నేను ఆగలేదు. నా కాంట్రాక్టులో బ్రాంచి ఎలక్ట్రికల్ అని ఉంది, శిక్షణ ఏ విభాగాల్లో ఎన్ని వారాలో రాసివ్వమని మర్యాదగా మెయిల్ పెట్టాను. హెచ్‌ఆర్ మేడమ్ పిలిచి మాట్లాడింది. తర్వాతి సోమవారం నుంచి కోర్ సెక్షన్‌లో, అంటే ట్రాన్స్‌ఫార్మర్ మధ్యలో ఉండే స్టీలు రేకుల దిమ్మెని పేర్చే చోట వేశారు. మెయిల్ పెట్టినందుకు ఎవరూ నా మీద కోపం పెట్టుకోలేదు, అది చెప్పాలి.

నాలుగేళ్ల డిగ్రీకి అసలు అర్థం నాకు అక్కడి నుంచి తెలియడం మొదలైంది.

కోర్‌కి వాడే సీఆర్‌జీఓ అనే ప్రత్యేకమైన స్టీలు రేకు మందం 0.23 మిల్లీమీటర్లు, 0.27 మిల్లీమీటర్లు. అంచు బ్లేడులా ఉంటుంది, గ్లవ్స్ లేకుండా ముట్టుకోనివ్వరు. మా దగ్గర కోర్ పేర్చేది ఎక్కువగా ఆడవాళ్లే. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పొద్దున్నే ఆటోల్లో వచ్చేవాళ్లు. అందులో ఒక అక్క చాలా ఏళ్లుగా అదే పని చేస్తోంది. జాయింట్ దగ్గర రేకుల మధ్య ఖాళీని వేలితో తడిమి చెప్పేసేది, "ఇది లాస్ ఎక్కువ చూపిస్తది, తీసి పెట్టు" అని. లాస్ అంటే వృథాగా వేడిగా పోయే కరెంటు. రేకులు సర్దడానికి ఇనుప సుత్తి వాడనిచ్చేది కాదు, చెక్క సుత్తితోనే, అదీ మెల్లగా. గట్టిగా కొడితే స్టీలులో ఒత్తిడి పెరిగి నో లోడ్ లాస్, అంటే లోడు లేకపోయినా కోర్‌లో పోయే లాస్, పెరుగుతుంది. ఆ లాస్‌ని వివరించడానికి మేం కాలేజీలో గీసే హిస్టరీసిస్ లూప్ ఆమెకి గీయడం రాదు. కానీ ఆమె పక్కన పెట్టమన్న దాన్ని టెస్టింగ్‌లో కొలిచి చూసినప్పుడు మిగతావాటి కంటే రీడింగ్ ఎక్కువే వచ్చింది. అలాంటి మనిషి పక్కన నిలబడి నేర్చుకోవడానికి 9,000 కాదు, అంతకంటే తక్కువ ఇచ్చినా నేను చేరేదాన్ని. ఆమెకి ఆ కంపెనీ ఎంత జీతం ఇస్తుందో తెలిశాక మాత్రం బాధేసింది.

కోర్ చుట్టూ పెట్టే తీగ చుట్టలు తయారయ్యే వైండింగ్ సెక్షన్‌లో ఇంకో ఆశ్చర్యం. కాలేజీలో ఎన్ని లెక్కలు చేసినా మనసులో ఊహించుకున్నది రాగి తీగే. ఈ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లలో చుట్టేది ఎక్కువగా అల్యూమినియం. ఎల్‌వీకి (తక్కువ వోల్టేజ్ వైపు) కాగితం చుట్టిన పట్టీ, హెచ్‌వీకి (ఎక్కువ వోల్టేజ్ వైపు) ఎనామెల్ తీగ. చుట్టాక ఓవెన్‌లో ఆరబెట్టి, ట్యాంకులో దించి, నూనె నింపి, టెస్టింగ్‌కి పంపుతారు. ఓవెన్ నుంచి తీసినది ట్యాంకులోకి వెళ్లేలోపు ఆలస్యమైతే గాలిలోని తేమని పీల్చుకుంటుంది. అందుకే మధ్యాహ్నం భోజనం బెల్ కొట్టినా ఆ పని సగంలో వదిలి ఎవరూ లేచేవాళ్లు కాదు.

నేను ఎక్కువకాలం ఉన్నది టెస్టింగ్ బేలో. అక్కడి సీనియర్ టెస్టర్ డిప్లొమా చదివినాయన. నన్ను "తల్లీ" అని పిలిచేవాడు, ఒక్క ప్రశ్నకి కూడా విసుక్కోలేదు. మొదటి రోజే ఒక 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ముందు నిలబెట్టి, "11,000 బై 433. ఫేజుకి రేషియో ఎంత రావాలె?" అన్నాడు. అంటే 11,000 వోల్టులని 433కి దించేది. వైండింగులు కలిపిన తీరు హెచ్‌వీ డెల్టా, ఎల్‌వీ స్టార్. 433ని మూడు వర్గమూలంతో భాగిస్తే 250, 11,000ని 250తో భాగిస్తే 44. నోటితో చెప్పేశాను. "మరి మీటర్ మీద చూపించు" అన్నాడు. ఏ టెర్మినల్‌కి ఏ లీడు (మీటర్ వైరు) పెట్టాలో తేల్చుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది. పుస్తకంలో లెక్కకీ, చేతిలో లీడుకీ ఉన్న ఆ దూరం పోగొట్టడానికే ఈ ఏడాది అని నేను అనుకుంటున్నా.

తర్వాత రోజూ అదే పని. వైండింగ్ రెసిస్టెన్స్ కొలిచి, ఆ పూట నూనె ఉష్ణోగ్రత రాసుకుని, 75 డిగ్రీలకి మార్చడం. మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూడటం. నో లోడ్ లాస్, లోడు మీద వైండింగ్‌లో పోయే లోడ్ లాస్ కొలవడం. మన డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్లకి వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 1180లో మొత్తం లాస్‌ని 50 శాతం లోడు దగ్గర ఒకసారి, 100 శాతం దగ్గర ఒకసారి పరిమితం చేస్తారు. సగం లోడులో వైండింగ్ లాస్ నాలుగో వంతుకి పడిపోతుంది కాబట్టి అక్కడ కోర్ బాగుందా లేదా అన్నది బయటపడుతుంది. కోర్ సెక్షన్‌లో అక్క చెక్క సుత్తి ఎందుకు పట్టుకుంటుందో నాకు పూర్తిగా అర్థమైంది ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసినప్పుడే.

నూనె ఎంత వోల్టేజ్ తట్టుకుంటుందో చూసే పరీక్ష కూడా నాకే అప్పగించారు. ఎలక్ట్రోడ్ల మధ్య 2.5 మిల్లీమీటర్ల ఖాళీ, ఆరు రీడింగులు, ఒక్కోదానికి మధ్య రెండు నిమిషాల విరామం, సగటు తీయాలి. ఫిల్టర్ చేసిన మంచి నూనె 60 కేవీ (కిలోవోల్టులు) పైన నిలబడుతుంది. వానాకాలంలో డ్రమ్ము మూత సరిగా బిగించకపోతే అదే నూనె చాలా ముందే చేతులెత్తేసేది.

హై వోల్టేజ్ టెస్టు గురించి తప్పకుండా చెప్పాలి. 11 కేవీ వైండింగ్‌కి 28 కేవీ పెట్టి నిమిషం ఉంచుతారు. గేటు వేసి, ఎర్ర లైటు వెలిగాకే మొదలు. అయిపోయాక డిశ్చార్జ్ రాడ్ తగిలించి ఎర్త్ చేసేదాకా టెస్టర్ అన్న ఎవరినీ లోపలికి అడుగు పెట్టనివ్వడు, మేనేజర్ వచ్చి తొందరపెట్టినా సరే. మీరు చేరే చోట ఈ పద్ధతి కనిపించకపోతే, గేటు తాడుతో కట్టి ఉంటే, అక్కడ టెస్టింగ్‌లో నిలబడొద్దు. ఏ సర్టిఫికెట్ కోసమూ ఆ పని చేయొద్దు. అప్రెంటిస్‌కి ఈఎస్ఐ ఉండదు, పీఎఫ్ ఉండదు. పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాల్సిన బాధ్యత యజమానిదేనని అప్రెంటిస్ చట్టం 16వ సెక్షన్ చెబుతుంది. ఆ సెక్షన్ గురించి మాకు ఎవరూ చెప్పలేదు, నేనే చదువుకున్నాను. చేరిన మొదటి వారంలోనే ఇది చెప్పడం కంపెనీ పని.

ట్రాన్స్‌ఫార్మర్లు కొనే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఇంజినీర్లు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చే రోజు ఫ్యాక్టరీ అంతా వేరేగా ఉంటుంది. సిద్ధం చేసిన లాట్‌లోంచి వాళ్లే కొన్నిటిని ఎంచుకుని, ఎదురుగా నిలబడి టెస్టులు చేయిస్తారు. రీడింగులు చదివి రాసే పని నాకిచ్చారు. అసిస్టెంట్ ఇంజినీర్ (ఏఈ) ఉద్యోగానికి ప్రిపేర్ అయ్యే మన వాళ్లు ఆ బల్లకి అవతలి వైపు ఏం అడుగుతారో అక్కడ చూడొచ్చు.

ఆడపిల్లల కోసం కొంచెం. టెస్టింగ్ బేలో నేనొక్కదాన్నే. మాటలతోగానీ ప్రవర్తనతోగానీ నన్ను ఇబ్బంది పెట్టినవాళ్లు లేరు. ఇబ్బంది అంతా టాయిలెట్‌తో. ఆడవాళ్ల టాయిలెట్ ఆఫీసు బ్లాకులో ఒక్కటే, షెడ్డు నుంచి ఎండలో నడిచి వెళ్లాలి. కోర్ సెక్షన్ అక్కలు పొద్దంతా నీళ్లు తక్కువ తాగేవాళ్లు, అందుకే. అంత పెట్టుబడి పెట్టి కొత్త వైండింగ్ మెషిన్ తెచ్చిన కంపెనీ షెడ్డు పక్కన రెండు టాయిలెట్లు కట్టలేకపోవడం నాకు ఇప్పటికీ కోపం తెప్పించే విషయం. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు సిగ్గుపడకుండా అడిగి, వెళ్లి చూసి రండి.

మా హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి కూడా ఒక ఫ్యాక్టరీలో "ట్రైనీ"గా చేరింది. జీతం నాకంటే కొంచెం ఎక్కువే. ఏడాది అయ్యాక సర్టిఫికెట్ అడిగితే లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు రాసిచ్చారు. నాట్స్ కాంట్రాక్టే లేదు, పోర్టల్లో ఆమె పేరే లేదు. అప్రెంటిస్ అంటే కాంట్రాక్టు పోర్టల్లో నమోదై, బోర్డు ఆమోదం పొంది ఉండాలి. చివర్లో బోర్డు ఇచ్చే ప్రొఫిషియెన్సీ సర్టిఫికెట్ వస్తుంది. చేరిన కొద్ది రోజుల్లోనే లాగిన్ అయి మీ కాంట్రాక్టు కనిపిస్తోందో లేదో చూసుకోండి. రిజిస్ట్రేషన్‌కి పైసా ఖర్చు లేదు, సీటు ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే అక్కడితో మాట ఆపేయండి.

ప్రభుత్వ రంగంలో చేయాలనుకుంటే మన హైదరాబాద్‌లోనే ఈసీఐఎల్, బీడీఎల్, బీహెచ్ఈఎల్, హెచ్ఏఎల్ వంటివి గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌లను తీసుకుంటాయి. ఈసీఐఎల్ లాంటి చోట ఎంపిక డిగ్రీ మార్కుల మీద. 80 శాతం పైన ఉన్నవాళ్లు ముందు అటు ప్రయత్నించండి, ఆ పేరుకి విలువ ఉంటుంది. నా మార్కులకి అది కుదరలేదు. అయితే పేరున్న ఒక పెద్ద చోట చేరిన నా క్లాస్‌మేట్ చెప్పిన దాన్ని బట్టి, అక్కడ అప్రెంటిస్‌లు ఎక్కువమంది, చేతికి పని తక్కువ. నాకు చిన్న ఫ్యాక్టరీయే మేలు చేసింది, అక్కడ మనుషులు తక్కువ కాబట్టి మీటర్ నా చేతికి వచ్చింది.

ఎవరికి పనికిరాదో కూడా చెప్తాను. ఎంటెక్ సీటుకి రాసే గేట్ పరీక్షకి గట్టిగా చదవాలనుకునేవాళ్లకి ఇది కష్టం. శనివారం కూడా పనే, సాయంత్రం హాస్టల్‌కి వచ్చేసరికి ఒళ్లు అలిసిపోతుంది. అమీర్‌పేటలో కోర్సు చేసి సాఫ్ట్‌వేర్‌కి వెళ్లాలని నిజంగా ఇష్టమున్నవాళ్లు ఈ ఏడాది ఇటు పెట్టడం అనవసరం. అప్పటికే ఏడాది, అంతకు మించి ఉద్యోగ అనుభవం ఉంటే అసలు అర్హతే ఉండదు. చేసినదాన్ని చాలా నోటిఫికేషన్లలో అనుభవంగా లెక్కించరు, శిక్షణగానే చూస్తారు. కాంట్రాక్టులో రాసి ఉంటే తప్ప, ఏడాది అయ్యాక ఉద్యోగం ఇవ్వాలన్న నిర్బంధం కంపెనీకి లేదు, ఎవరిని తీసుకోవాలన్న విధానం కంపెనీయే పెట్టుకోవాలని చట్టం 22వ సెక్షన్ చెబుతుంది. ఒకసారి చేశాక ఇదే పథకంలో మళ్లీ చేయనివ్వరు. అందుకే మొదట దొరికిన దాంట్లో దూరిపోకుండా చూసి ఎంచుకోమంటున్నా.

మా ఫ్యాక్టరీ నాకు ఉద్యోగం ఇస్తామంది, కానీ మళ్లీ స్టోర్స్ వైపే. వద్దన్నాను. కొన్ని వారాల తర్వాత సబ్‌స్టేషన్లలో టెస్టింగ్, కమిషనింగ్ చేసే ఒక చిన్న సంస్థ ఇంటర్వ్యూకి పిలిచింది. రెట్టింపు వోల్టేజ్ పెట్టి ఇన్సులేషన్ చూసే ఇండ్యూస్డ్ ఓవర్‌వోల్టేజ్ టెస్టులో వోల్టేజ్‌తోపాటు ఫ్రీక్వెన్సీ కూడా ఎందుకు రెట్టింపు చేస్తారని అడిగారు. ఫ్రీక్వెన్సీ అలాగే ఉంచి వోల్టేజ్ రెట్టింపు చేస్తే కోర్‌లో అయస్కాంత ఫ్లక్స్ రెట్టింపై కోర్ శాచురేట్ అవుతుంది, అంటే ఇక మోయలేని స్థితికి వస్తుంది. ఆ జవాబు ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. కానీ తర్వాత వాళ్లు, ఆ నిమిషంలో మీరు ఎక్కడ నిలబడతారు, ఏ మీటర్ చూస్తారు, కరెంటు ఒక్కసారిగా పెరిగితే మొదట ఏం చేస్తారు అని అడుగుతూ పోయారు. అన్నిటికీ చెప్పగలిగాను. ఇప్పుడు అక్కడే పని చేస్తున్నా. జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితుల దగ్గరికి రాదు, స్టైపెండ్‌కి మాత్రం రెండింతలు దాటింది.

మొత్తం మీద నా అనుభవానికి అయిదుకి నాలుగు. తగ్గించిన ఆ ఒక్కటి స్టోర్స్ వారాలకీ, ఆలస్యమైన కంపెనీ వాటాకీ, ఆ టాయిలెట్‌కీ.

మా కాలేజీ జూనియర్లు ఇద్దరు అదే ఫ్యాక్టరీలో చేరొచ్చా అని అడిగారు. చేరమన్నాను. చేరేరోజే కోర్, వైండింగ్, టెస్టింగ్‌లలో ఎన్నెన్ని వారాలో కాగితం మీద రాయించుకోమన్నాను. టెస్టింగ్ బే చూపించమని అడిగి, లోపల హెచ్‌వీ గేటు ఎలా ఉందో చూడమన్నాను. దానికంటే ముందు బ్యాంకుకి వెళ్లి ఖాతాకి ఆధార్ సీడింగ్ చేయించుకోమన్నాను, అది లేకపోతే కేంద్రం ఇచ్చే వాటా వచ్చి పడదు. ప్రొవిజనల్ సర్టిఫికెట్ మీద పేరు, ఆధార్ మీద పేరు, బ్యాంకు పుస్తకం మీద పేరు అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉన్నాయా అన్నది కూడా ఇప్పుడే సరిచూసుకోండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న దగ్గరే మన వాళ్లవి ఎక్కువగా ఆగిపోతాయి.